పాతరలో పండిన ఎర్ర వైన్

గెస్ట్‌హౌస్ ఇన్‌చార్జి అనగానే నడుముకు తాళాల గుత్తి వేలాడే మనిషి కళ్లముందు మెదులుతుంది. ఆ గుత్తి నాకూ ఉండేది. మంచిర్యాల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో నా ఉద్యోగమంతా గడిచింది. స్టోర్ మనిషిగా చేరి ఇన్‌చార్జిగా బయటికి వచ్చాను. ఇన్నేళ్లూ నేను చేసిన పని ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్కటే చెబుతాను. ఎవరో నమ్మి అప్పజెప్పిన దాన్ని, వాళ్లు మళ్లీ అడిగేదాకా చెడకుండా చూశాను. అది పప్పుల డబ్బా కావచ్చు, ఒక పెద్దమనిషి పథ్యం కావచ్చు. ఇక్కడ చెప్పబోయేది మాత్రం ఒక వైన్ సీసా సంగతి.

ఇప్పుడు రాయడానికి కారణం మా పై వాటాలో అద్దెకుండే పిల్లలు. రిటైరై కరీంనగర్ వచ్చాక ఆ వాటాను హోటల్ కోర్సు చదివే అమ్మాయిలకు ఇచ్చాను. వాళ్లలో ఒకమ్మాయి మొన్న పుస్తకం పట్టుకుని కిందికి దిగింది.

"ఆంటీ, ఏండ్లకేండ్లు దాచిపెట్టే ఫ్రెంచ్ రెడ్ వైన్ రుచి ఎట్లుంటదో రాసుకొని రమ్మన్నరు. బ్లాక్ కరెంట్ అట, సెడార్ చెక్క అట, సిగార్ డబ్బా అట. గివన్నీ నేను పుట్టినకాడి నుంచి సూడలే. ఇగ బట్టీ కొట్టుడే."

"బట్టీ కొట్టకు బిడ్డా, కూసో. నేను సూసిన, చెప్త."

నేను అప్పుడు దీపానికి వత్తులు చేసుకుంటున్నాను. ఆ అమ్మాయి నా నుదుటి కుంకుమను, ఒళ్లోని పత్తిని చూసి, "మీరా? వైనా?" అంది.

నేనే. ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు కొంచెమైనా పనికొస్తే దేవుడి దయ.

బాపు బడి

నేను బడికి పోలేదు. మా బాపు ఉట్నూర్ చుట్టుపక్కల అడవి ఊళ్లలో తునికాకు కల్లాల మీద లెక్కలు రాసే మున్షీగా చేసేవాడు. బీడీలు చుట్టే ఆకును కూలీలు కోసి, కట్టలు కట్టి తెస్తే ఎండబెట్టే జాగాను కల్లం అంటారు. ఎండాకాలం వచ్చిందంటే ఒక కల్లం నుంచి ఇంకో కల్లానికి మా సామాను జీపులో కదులుతూ ఉండేది. మిగతా కాలంలో మేమున్న ఊళ్లో బడే లేదు. అక్షరాలు, ఎక్కాలు, వచ్చీరాని ఇంగ్లీషు అన్నీ బాపే నేర్పాడు. పరీక్షలు ప్రైవేటుగా కట్టాను.

చదువుతో పాటు ఇంకొకటి కూడా నేర్పాడు. ఒక కట్ట తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "కండ్లు మూసి చెప్పు బిడ్డా. లోపల ఎండిందా, తడి ఉన్నదా?" అనేవాడు. పైకి గలగలలాడే కట్ట లోపల తడిగా ఉంటే వాసన పుల్లగా తగులుతుంది. బాగా ఎండినది తియ్యగా, కొంచెం పొగలాగా ఉంటుంది. నేను తడుముకుంటూ బాపు మొహం చూస్తే ఊరుకునేవాడు కాదు. "నా మొకంల ఏం రాసిలేదు. నీ ముక్కుకు ఏమనిపిస్తుందో అదే చెప్పు."

నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది. పొద్దున దేవుడి పటాల ముందు నిలబడినప్పుడు బాపుకు కూడా ఒక దండం పెట్టుకుంటాను.

మేస్త్రీల తెలుగు మాట్లాడిన దొర

ఫ్యాక్టరీలో సిమెంటు కాల్చే రెండో తిరుగుడు కొలిమి కట్టేటప్పుడు ఫ్రాన్స్ నుంచి ఇంజనీర్లు వచ్చారు. వాళ్లందరి మీద పెద్దాయన పేరు మిషెల్. అప్పటికి నేను స్టోర్‌లో కొత్త. వంట ఖాదర్ భాయ్‌ది. మంచిర్యాలలో పెళ్లిళ్లకు బిర్యానీ దేగులు దించి దించి చేతులు కాయలు కాచిన మనిషి. వయసులో నాకంటే చాలా పెద్ద, నోరు ఊరుకోదు.

మిషెల్ సాబ్ కొలిమిలో ఇటుక పేర్చే మేస్త్రీల దగ్గర తెలుగు నేర్చుకున్నారు. కాబట్టి ఆయనకు 'మీరు' అనే మాట తెలియదు. జనరల్ మేనేజర్‌ను కూడా అందరి ముందు "నువ్వు రేపు జల్ది రా" అనేవారు. జనరల్ మేనేజర్ పాపం జల్దీనే వచ్చేవారు.

కొలిమిలో మొదటిసారి నిప్పు వేసిన రోజు పూజ చేసి కొబ్బరికాయ కొట్టారు. మధ్యాహ్నం భోజనం దగ్గర మిషెల్ సాబ్ తన పెట్టెలోంచి ఒక సీసా తీశారు. బోర్డో అనే ప్రాంతపు ఎర్ర వైన్. తెరిచి, గ్లాసులో కొంచెం పోసి, బల్ల దగ్గర నిలబడ్డ నా చేతికి ఇచ్చారు.

"నేను తాగను సాబ్."

"తాగుమని ఎవడన్నడు? ముక్కు పెట్టు."

పెట్టాను. మూసిన కొట్టు ముందు నిలబడ్డట్టు ఉంది. లోపల సరుకు ఉందని తెలుస్తోంది, ఏం సరుకో తెలియడం లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన బల్ల మీద అరచేత్తో కొట్టి నవ్వారు.

"కరెక్టు! గిది పిల్ల. ఇంక పెద్దగ కావాలె. ఇప్పుడు నోట్ల పెట్టు, ఉమ్ము."

ముందు తానే చేసి చూపించారు. ఒక గుక్క నోట్లోకి తీసుకుని, బుగ్గలు ఇటూ అటూ ఆడించి, పక్కనున్న ఖాళీ గిన్నెలోకి ఉమ్మారు. వంటింటి గుమ్మంలోంచి ఖాదర్ భాయ్ నెత్తి కొట్టుకున్నాడు.

"యా అల్లా! గంత దూరం కెల్లి మోసుకొచ్చి పాన్ తిన్నోని లెక్క ఉమ్ముతుండు! గీ పనికి ఫ్రాన్స్ ఎందుకు, మన బస్టాండ్ల నిలవడితె రోజుకు వెయ్యి మంది కనవడ్తరు."

నేను మాత్రం ఆ రోజు నోట్లో పెట్టుకోలేదు. క్వార్టర్‌కు వచ్చి అవ్వను, అంటే మా అమ్మను, అడిగాను. అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు.

"నువ్వు చిన్నగున్నప్పుడు జరమొచ్చి లేవకపోతె ద్రాక్షాసవం ఎవరు తాపిండ్రు? నేనే గదా. నాలిక మీద పెట్టి ఉమ్మితె దేవుడు కోపం జేస్తడా? అబద్ధం చెప్తె జేస్తడు. పని నేర్చుకో పో. సోమారం నాడు మాత్రం ముట్టకు."

మా అవ్వ పెట్టిన ఆ నియమం నేను రిటైరయ్యేదాకా తప్పలేదు. మిషెల్ సాబ్ కూడా గౌరవించారు. సోమవారం వచ్చిందంటే "ఇయ్యాల సుగుణ ముక్కుకు లీవు" అని ఆయనే అందరికీ చెప్పేవారు.

మర్నాడు ఆ సీసాలో మిగిలింది రుచి చూశాను. రంగు సిరాబుడ్డిలో సిరాలాగా చిక్కటి ఊదా. నోట్లో పెట్టగానే పళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కున్నట్టు అయ్యాయి. నాలుక మీద గోనెసంచి గీసినట్టు గరుకు.

"ఏమున్నది?" అన్నారు సాబ్. నేను ఇంగ్లీషులో మంచి మాట ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంటున్నాను. ఆయన చెయ్యి అడ్డం ఊపారు. "ఇంగ్లీషు వద్దు, ఫ్రెంచి వద్దు. నువ్వు చిన్నప్పుడు ఏం తిన్నవ్? గది చెప్పు."

"పచ్చి నేరేడుకాయ. తంగేడు చెక్క నమిలినట్టున్నది. వగరు సాబ్, మస్తు వగరు."

"వ-గ-రు," అని మూడుసార్లు పలికి నేర్చుకున్నారు. తర్వాత ఆయన చెప్పింది నా మాటల్లో రాస్తాను. హోటల్ కోర్సు పిల్లలు ఇది గుర్తుపెట్టుకుంటే ఒక పాఠం అయిపోయినట్టే. ఆ వగరు ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి వస్తుంది. దాచిపెట్టే వైన్‌కు అది ఎముక. వగరు లేనిది ఈ ఏడు కొని ఈ ఏడే తాగేది. వగరు, పులుపు, పండు రుచి మూడూ గట్టిగా ఉన్నదే ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాలం గడిచేకొద్దీ వగరులో కొంత రంగుతో కలిసి ముద్దకట్టి మడ్డిగా కిందికి దిగుతుంది. పైన మిగిలింది మెత్తబడుతుంది. అప్పుడు గాని ఆ కొట్టు తలుపు తెరుచుకోదు.

దీపం దిగనిదే మనిషి దిగొద్దు

సాబ్ దగ్గర అదే రకానివి ఇంకో మూడు సీసాలు మిగిలాయి. వాటిని వెనక్కి తీసుకుపోకుండా ఇక్కడే ఉంచుతానన్నారు. ఫ్రాన్స్‌లో ఆయన స్నేహితులు ఫోన్లో నవ్వారట. ఆదిలాబాద్ ఎండల్లో వైన్ దాస్తావా, ఒక్క వేసవికే సిర్కా అయి కూర్చుంటుందని. సిర్కా అంటే తెలుసు కదా, ఉల్లిగడ్డల మీద పోసుకునే పుల్లటి నీళ్లు.

ఆ నవ్వు ఆయనకు గుచ్చుకుంది. "కొలిమి, గీ వైన్, రెండు ఒక్క ఈడువి. గిది పెద్దగైనంక నేను వస్త. గీడనే తెరుస్త. అప్పటిదాంక నువ్వు కాపాడుతవా?"

"కాపాడుత సాబ్," అనేశాను. అన్న తర్వాత బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాను. అప్పుడు తెలిసింది నేను ఏం ఒప్పుకున్నానో. మా వైపు ఎండలకు ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు.

అప్పటి మేనేజర్ ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. సాబ్ వద్దన్నారు. కరెంటు పోతుంది, వస్తుంది, సీసా చల్లబడుతుంది, వేడెక్కుతుంది, మోటారు అదురుతుంది, బిరడా ఎండి సందు ఇస్తుంది. వైన్‌కు మరీ చలి అక్కర్లేదు. ఎప్పుడూ ఒకే తీరు చల్లదనం, చీకటి, కాస్త తేమ, కదిలించే చెయ్యి లేకపోవడం, ఇవి చాలు. బిరడా తడిగా ఉండేలా సీసాను పడుకోబెట్టాలి.

ఆ మాటలు వింటుంటే నాకు పాతర గుర్తొచ్చింది. గెస్ట్‌హౌస్ ఉన్న జాగా ఒకప్పుడు ఒక పటేల్ గారి దొడ్డి. జొన్నలు దాచుకోవడానికి భూమిలోకి బావిలా తవ్వి, చుట్టూ రాయి కట్టిన పాతర వెనకాల అలాగే ఉంది. మూతి మీద బండ. నేను నిచ్చెన తెప్పించి బండ జరిపించాను. కాలు పెట్టబోతుంటే, గదులు ఊడ్చే లచ్చవ్వ నా కొంగు పట్టుకుని గుంజింది.

"ఆగుండ్రి అమ్మా! దీపం దిగనిదె మనిషి దిగొద్దు. మూసిన పాతర్ల గాలి ఉండది."

కందిలి వెలిగించి తాడుతో దింపింది. సగం దూరం పోయిందో లేదో, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. మర్నాటిదాకా మూతి తెరిచి ఉంచి, దుప్పటితో గాలి కొట్టి, మళ్లీ దింపితే అప్పుడు వెలుగుతూనే ఉంది. ఆ రోజు నేను దిగి ఉంటే ఈ కథ రాయడానికి ఉండేదాన్ని కాదు. లచ్చవ్వ రూపంలో దేవుడే కొంగు పట్టుకున్నాడని నా నమ్మకం.

మిషెల్ సాబ్ నిచ్చెన దిగి లోపలి నుంచి అరిచారు. "సుగుణా! గిది ఫ్రాన్సే!"

గోదావరి ఇసుక తెప్పించి అడుగున పరిచాం. సీసాలను అందులో పడుకోబెట్టాం. ఎండాకాలంలో మంచినీళ్ల రంజన్ కుండ కింద ఇసుకను తడిపినట్టు, ఆ ఇసుక అంచుల్ని తడపడం నా పని. ఇంట్లో దీపం పెట్టుకుని వచ్చి, పాతరలో కందిలి దింపి చూసి, ఆ తర్వాతే దిగేదాన్ని. పైన చెట్ల ఆకులు మాడిపోయే రోజుల్లో కూడా లోపల నా చేతులకు చల్లగా తగిలేది. ఎంత కృతజ్ఞతగా అనిపించేదో. ఎప్పుడో జొన్నలు దాచుకున్న వాళ్లు తమకు తెలియకుండానే నా మాట నిలబెడుతున్నారు.

లచ్చవ్వ కడిగిన దసరా

మిషెల్ సాబ్ వెళ్లిపోయిన చాలా ఏళ్లకు సంగతి. ఈలోపు వచ్చిపోయిన విదేశీ అతిథులు వదిలిన మామూలు వైన్ సీసాలు కూడా పాతరలో చేరాయి. అవి ఎప్పుడు తాగినా ఫరవాలేనివి. అవ్వను తీసుకుని దసరాకు ముందు బాసర వెళ్లి వచ్చేసరికి, వరండాలో సీసాలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒక్కోదానికి పసుపు, కుంకుమ బొట్టు, మెడలో బంతిపువ్వు. ఒక్కదానికీ పేరున్న కాగితం లేదు.

లచ్చవ్వ మొహం వెలిగిపోతోంది. "పాతర్ల దుమ్ము వట్టి ఏడుస్తున్నయమ్మా. మిషిన్లకు బొట్లు వెడ్తరు, గివాటికి ఎవలు వెడ్తరని బూడిదేసి తోమిన. కాగితాలు ఊడిరాలే. గోటితోని గీకి తీసిన. సూడుండ్రి ఎట్ల మెరుస్తున్నయో!"

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఖాదర్ భాయ్ వచ్చి చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "మాషా అల్లా! ఇగ దీన్ల పెద్దలెవరో పిల్లలెవరో పైవాడే చెప్పాలె. పేరు పెట్టి పిలిస్తె పలుకుతయేమో సూడు బేటీ."

లచ్చవ్వను నేను ఒక్క మాట అనలేదు. నా ప్రాణం కాపాడిన మనిషిని అనే హక్కు నాకు లేదు. అప్పటి మేనేజర్ మాత్రం అన్నీ పారబోయమన్నారు. పేరు లేని సీసా అతిథి ముందు ఎలా పెడతామన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. కొంచెం గడువు అడిగాను, ఇచ్చారు.

పైపైన చూస్తే అన్నీ ఒకటే. మిషెల్ సాబ్ చెప్పిన మడ్డి ఒక్కటే నాకు దారి. తోమినప్పుడు అది చెదిరి లోపల కలిసిపోయి ఉంటుంది. అందుకే అన్నింటినీ మళ్లీ ఇసుకలో పడుకోబెట్టి, చలికాలమంతా ఎవరినీ ముట్టనివ్వలేదు. తర్వాత ఒక్కొక్కటీ తిప్పకుండా, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి వెనక నుంచి టార్చి వేశాను. చాలా వాటిలో వెలుగు తేటగా దూరి వచ్చింది. మూడింట్లో మాత్రం కిందివైపు పొడుగునా నల్లటి చార కనిపించింది, కాటుక పెట్టినట్టు. ఆ మూడింటి మెడకు పసుపుదారం కట్టాను. మేనేజర్ గారిని నిచ్చెన దింపి చూపిస్తే, ఆయన చాలాసేపు చూసి "ఉండనీ అమ్మా" అన్నారు. మంచి అధికారి అంటే నాకు ఇప్పటికీ ఆయనే. తన మాట మార్చుకోవడానికి మట్టిలోకి దిగారు.

అందరూ అలా ఉండరు. ఆ తర్వాత వచ్చిన ఒకాయన, ఎవరో పెద్ద అతిథి వచ్చారని నడి ఎండాకాలంలో పసుపుదారం సీసా ఒకటి తెరిపించారు. వద్దని చెప్పాను. "ఫ్యాక్టరీ మీదా, నాదా?" అన్నారు. ఆ అతిథి దాంట్లో ఐసుముక్కలు వేసి, సోడా పోసి, చేదుగా ఉందని పక్కన పెట్టారు. మిగిలింది కడుక్కునే తొట్టిలో పోయింది. పిల్లలూ, ఈ పనిలో ఇలాంటి రోజు మీకూ వస్తుంది. వాదించి గెలవలేరు. మిగిలినదాన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకోండి, అంతే.

ముక్కు పోయిన మనిషి

నా ఉద్యోగంలో చివరి చలికాలం. మిషెల్ సాబ్ వచ్చారు. చేతిలో కర్ర, తల ముగ్గుబుట్ట. కారు దిగగానే కొలిమి వైపు చూసి, అది తిరుగుతున్న చప్పుడు విని తల ఊపారు. నా చేతులు పట్టుకున్నారు.

"సుగుణా, కరోనా వచ్చి నా ముక్కు చచ్చింది. పూలు లెవ్వు, కాఫీ లేదు, నా భార్య వండిన కూర లేదు. నాలిక మీద ఉప్పు, పులుపు, తీపి, వగరు, గంతే. ఇంట్ల వద్దంటె కూడ వచ్చిన. నా దోస్తులు ఇంకా నవ్వుతుండ్రు, సిర్కా తాగ వోతున్నవని. అది బతికిందా, చచ్చిందా, నా అంతట నాకు తెలవదు. నువ్వు చెప్పు. నేను వింట."

ఆయన అంత దూరం నుంచి నా ముక్కును నమ్ముకుని వచ్చారు. భోజనాల గదిలో కూర్చోబెట్టి, సీసా తెరవడానికి వంటింట్లోకి పోయాను. అప్పటి మేనేజర్ వేణుగోపాల్ గారు, ఖాదర్ భాయ్ కూడా నా వెంట వచ్చారు. ఖాదర్ భాయ్ అప్పటికి పని మానేసినా, సాబ్ వస్తున్నారని తెలిసి చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు.

మొదటి సీసా బిరడా ఒకవైపు కుంగి ఉంది. లాగుతుంటేనే నాకు అనుమానం. మూతి దగ్గర ముక్కు పెట్టాను. సిర్కా. అనుమానం లేని సిర్కా.

వేణుగోపాల్ గారు నా మొహం చూసి గ్రహించారు. ఆయన చెడ్డవారు కాదు, ముసలాయన మనసు కష్టపడకూడదనే ఆలోచన. గొంతు తగ్గించి, "సుగుణమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి. గిట్లయితదనే నేను హైదరాబాద్ నుంచి మంచి సీసా తెప్పించి పెట్టిన. అది పోద్దాం. ఆయనకు వాసన తెలవది గదా. ముసలాయన ఖుషీగ పోతడు," అన్నారు.

"లేదు సార్. ఆయన నన్ను నమ్మి వచ్చిండు."

"రెండోది కూడ గిట్లనే ఉంటె?"

"గట్లనే ఉన్నదని చెప్త."

బయటికి వచ్చి సాబ్ ఎదురుగా నిలబడి చెప్పాను. "ఒకటి చచ్చింది సాబ్. సిర్కా."

ఆయన చేతిలో కర్రను బల్లకు ఆనించారు. తర్వాత, "ఇంకోటి ఉన్నదా?" అన్నారు.

"ఉన్నది."

"గీడికి తే. నా ముందట తియ్."

నేను చెప్పింది, ఆయన విన్నది

రెండోదాని బిరడా సగంలో విరిగింది. నరసింహస్వామిని తలుచుకుని, మిగిలిన ముక్కను మెల్లగా తిప్పుతూ బయటికి తీశాను. కొస తడిగా, ముదురు ఎరుపుగా ఉంది. మడ్డి గాజు జగ్గులోకి దిగకుండా చూసుకోవాలంటే సీసా మెడ వెనక వెలుతురు ఉండాలి. దీపం పెడితే నూనె వాసన అంటుతుందని ఖాదర్ భాయ్‌ని సెల్‌ఫోన్ లైటు పట్టుకోమన్నాను. సన్నటి ధారగా వంచాను. నల్లటి చార మెడ దాకా రాగానే ఆపేశాను.

గ్లాసులో రంగు చూసి మొదటి ధైర్యం వచ్చింది. ఒకప్పటి సిరా రంగు పోయింది. మధ్యలో దానిమ్మగింజ, అంచున ఇటుకపొడి రంగు.

ముక్కు పెట్టాను.

"పాత బట్టల సందుగ తెరిచినట్టున్నది సాబ్. ఇంకేం లేదు."

వేణుగోపాల్ గారు కిటికీ వైపు తిరిగిపోయారు. సాబ్ మాత్రం చెయ్యెత్తి, "జర ఆగు. ఇన్నేండ్లు పండుకున్నది. లేవనియ్," అన్నారు.

ఆగాను. గ్లాసును మెల్లగా తిప్పి మళ్లీ పెట్టాను.

"తునికాకు సాబ్! ఎండిన కట్ట. మంచిగ ఎండిన కట్ట, లోపల తడి లేదు!"

"ఇంక?"

"నేరేడు. పచ్చిది కాదు, చెట్టు కింద రాలి ఎండకు ముడతపడ్డది. దాని ఎనక... బలపం. పలక మీద గీసినప్పుడు లేసే పొడి. కొత్త తోలు చెప్పులు. ఆగుండ్రి, ఇంకోటి వస్తుంది... నల్లరేగడి మీద తొలి వాన పడ్డట్టు."

సాబ్ కళ్లు మూసుకుని వింటున్నారు. ఆయన గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకోలేదు. నా మాటల వైపు తల వంచారు. తర్వాత ఒక గుక్క నోట్లోకి తీసుకుని చాలాసేపు ఉంచుకున్నారు. నేనూ తీసుకున్నాను. పులుపు ఉంది, కానీ దూసుకొచ్చేది కాదు, నిలబెట్టేది. వగరు నాలుక మీద జరీ లేని పట్టుబట్ట జారినట్టు జారింది. ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగితే వెనక నుంచి ఒక తీపి వస్తుంది చూడండి, అలాంటి తీపి గొంతు మొదట్లో మొదలై పోకుండా అక్కడే ఉంది.

సాబ్ మింగి, కళ్లు తెరిచారు. "వగరు..." అని ఆగారు. చేతిని గాల్లో మెత్తగా జార్చి చూపించారు. "వగరు మెత్తగైంది. నా నాలిక చెప్తుంది. నీ ముక్కు చెప్తుంది. బతికింది సుగుణా! మన ఎండల బతికింది!"

ఖాదర్ భాయ్ జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు. వేణుగోపాల్ గారు వంటింట్లోకి పోయి, తాను తెప్పించిన హైదరాబాద్ సీసాలోది ఒక గ్లాసులో పోసి తెచ్చి, ఏమీ చెప్పకుండా సాబ్ ముందు పెట్టారు. సాబ్ ఒక్క గుక్క నోట్లో పెట్టుకుని, గ్లాసు దూరంగా నెట్టారు. "గిది పిల్ల! దీన్ని ఎందుకు లేపిండ్రు?" అందరం నవ్వాం. వేణుగోపాల్ గారే అందరికంటే గట్టిగా నవ్వి, తన గ్లాసు జగ్గు ముందుకు జరిపారు. లచ్చవ్వను కూడా పిలిచి ఒక చుక్క ఇచ్చాం. ఆమె చప్పరించి, "గింతదానికి గిన్నేండ్లు వట్టెనా? కల్లయితె పొద్దుగూకెవరకు అయితది," అని కొంగుతో మూతి తుడుచుకుంది.

సాబ్ ఫోన్ తీసి ఫ్రాన్స్‌లో ఉన్న ఆ స్నేహితులకు చేశారు. తన భాషలో ఏదో గట్టిగా చెప్పి, ఫోన్ నా వైపు తిప్పి, "నువ్వు చెప్పు. తెలుగుల చెప్పు. వాళ్లకు సమజ్ గాకపోయినా వినని," అన్నారు. తునికాకు నుంచి నల్లరేగడి దాకా అవతలి వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాకుండా అంతా చెప్పాను. అవతల ఎవరో చప్పట్లు కొట్టారు.

ఫోన్ పెట్టేసి, ఆయన కుర్చీ నా వైపు లాక్కుని, "మళ్ల చెప్పు," అన్నారు. చెప్పిందే చెబుదామని గ్లాసులో ముక్కు పెట్టాను. కానీ అప్పటికే తునికాకు వెనక్కి పోయి, ఎండిన గులాబీ రేకుల వాసన ముందుకు వచ్చింది. అది చెప్పాను. కాసేపటికి "మళ్ల" అన్నారు. ఈసారి అగరుచెక్క. ఇంకోసారి, వేయించిన జీలకర్ర. గ్లాసు అడుగు కనబడేదాకా అది మారుతూనే ఉంది, ఆయన అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ మధ్యాహ్నం ఏ ఒక్క మాటనూ నేను రెండోసారి వాడాల్సిన అవసరం రాలేదు.